భయమన్నది ఇంటిపేరు

మా పెద్దమ్మ దగ్గర "భయమేస్తోంది" అని ఒక్క ముక్క అనేసి తప్పించుకున్నవాళ్ళు లేరు. ఆ మాట చెవిన పడగానే కళ్ళజోడు ముక్కు చివరికి దించి, దాని పైనుంచి చూస్తూ, "భయమన్నది ఇంటిపేరమ్మా. వచ్చిందెవరో పేరు చెప్పు," అంటుంది. జంకా, బెదురా, గుబులా, దడా, హడలా, బెంగా, కంగారా? ఏదో ఒకటి తేల్చేదాకా మనిషిని కదలనివ్వదు. ఈ విచారణకి జడిసి, పాము ఎదురొచ్చినా సరే నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకున్నవాళ్ళు మా బంధువుల్లో చాలామందే ఉన్నారు.

పెద్దమ్మ ఓ పెద్దాసుపత్రిలో సైకాలజిస్టు. ఆపరేషన్లకి వచ్చినవాళ్ళూ, ఫలానా జబ్బని అప్పుడే తెలిసినవాళ్ళూ హడలిపోతే వాళ్ళతో మాట్లాడే పని ఆవిడది. గది తలుపు మీద పేరూ, పేరు వెనక చదువులూ వరసగా రాసి ఉంటాయిగానీ వాటిని ఎవరూ చదివిన పాపాన పోలేదు. "ఏ రకం భయం?" అని అడుగుతుంది కనక అటెండరు దగ్గర్నుంచి పెద్ద సర్జను దాకా అందరూ ఆవిణ్ణి రకాలమ్మ అనే అంటారు. ఎదురుపడితే మాత్రం మేడమ్.

భుజానికి ఎప్పుడూ ఓ బరువైన గుడ్డసంచి వేలాడుతూ ఉంటుంది. నడుస్తుంటే అందులోంచి గలగలా టకటకా చప్పుడు. ఆవిడ వస్తున్నట్టు ముందు సంచి చెబుతుంది, తర్వాత ఆవిడ కనబడుతుంది. నూనె డబ్బా, సుత్తి, మేకులు, స్క్రూడ్రైవరు, టార్చిలైటు, సూదీ దారం, ఇంకా ఏవేవో అందులో ఉంటాయి. మనసులు చూసే మనిషికి మేకులెందుకు పెద్దమ్మా అంటే, "పడి ఉంటాయిలేవే," అనేది. పెదనాన్నకి సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉంది. ఆయన సామాన్లు పొరపాటున ఈవిడ సంచిలోకి వచ్చేస్తుంటాయని, ఇద్దరికీ మతిమరుపు కనక ఎవరూ పట్టించుకోరని నేను అనుకునేదాన్ని.

నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని. బస్టాండులో మైకు ముందు కూర్చుని "ఐదవ నంబరు ప్లాట్‌ఫారం మీద బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అని చెప్పే ఉద్యోగం నాది. గది దొరికేదాకా ఉంటానని వాళ్ళింటికి వచ్చి, తర్వాత గది వెతకడం మానేశాను. ఆ ఇంట్లో నా పేరు మైకు. మైకులో ఎంత ధైర్యంగా వినబడతానో మనిషిని అంత పిరికిదాన్ని. కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడతాను, వెయ్యకపోతే పేలుతుందేమోనని గుండె పీచుపీచుమంటుంది. నేను వచ్చి దిగడంతో పెద్దమ్మకి ఇంట్లో కూడా ఓపీ తెరిచినట్టయింది.

వచ్చిన కొత్తల్లోనే స్నానాలగదిలో ఎలుక దూరింది. నేను బకెట్టు బోర్లించి దాని మీదికెక్కి కేకలు పెట్టాను.

"పెద్దమ్మా! భయమేస్తోంది!"

తలుపవతల గలగల. "ఏమిటే?"

"ఎలుక!"

"ఎలుక సంగతి తర్వాత. నీ సంగతి చెప్పు. బెదురా, గుబులా?"

"ముందు దాన్ని తరుము!"

"తరుముతానే. అది గబుక్కున వచ్చిందని అదిరిపడ్డావా, లేకపోతే ఎప్పుడో వస్తుందని ముందునుంచీ అనుకుంటూనే ఉన్నావా? మొదటిదైతే బెదురు. రెండోదైతే గుబులు."

"బకెట్టు ఎక్కుతోంది పెద్దమ్మా!"

"అయితే రెండూ కాదు. హడలు," అంది తలుపవతలి నుంచి, ఎంతో తృప్తిగా.

ఆ చర్చ భరించలేక కాబోలు, ఎలుకే తూములోంచి వెళ్ళిపోయింది. మర్నాడు చూస్తే ఆ తూముకి ఇనప జల్లెడ బిగించి ఉంది. పెదనాన్న పనేననుకున్నాను.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం మైకు ముందు నా నోరు పెగల్లేదు. నా గదికి ముందువైపు పెద్ద అద్దం. అవతల ప్రయాణికులంతా మూటలు పట్టుకుని, మెడలు చాచి, నా నోటికేసే చూస్తూ ఉంటారు. వాళ్ళని చూడగానే నంబర్లన్నీ ఎగిరిపోయేవి. ఇంటికొచ్చి ఏడిస్తే పెద్దమ్మ ఓదార్చలేదు. "జంకా?" అంది. "జంకే," అన్నాను. "మంచిది," అని లోపలికెళ్ళి పడుకుంది. మంచిదేమిటో నాకర్థం కాలేదు. తర్వాత రెండ్రోజులకి నా గది అద్దానికి కింది సగం నీలం కాగితం అంటించి ఉంది. ఎవరంటించారో మా సూపర్వైజరుకే తెలీదు. అవతలివాళ్ళ తలకాయలు కనబడక, ఆ రోజు నుంచీ నా మాట సాఫీగా సాగింది. ఇది ఏదో ఆఫీసు ఏర్పాటు కాబోలనుకున్నాను. చెప్పానుగా, ఆ రోజుల్లో నేను అన్నీ అనుకోవడమే.

కొత్తగా వచ్చే కుర్ర డాక్టర్లకి రోగుల ముఖాలు చదవడం నేర్పే పని కూడా పెద్దమ్మదే. ఓసారి ఆవిడకి భోజనం క్యారియరు ఇవ్వడానికెళ్ళి ఆ పాఠం విన్నాను. ఓ కుర్రాడు వార్డులో ఒకాయన్ని చూసొచ్చి, "భయపడుతున్నాడు మేడమ్," అన్నాడు.

"ఆ మాట ఆయన నీతో చెప్పాడా, నువ్వే చూశావా?"

"అంటే... రెండూ మేడమ్."

"రెండూ కలిపి ఒకే గిన్నెలో వండకు నాయనా. లోపల ఏముందో చెప్పాల్సింది ఆయన. బయట ఏం కనబడుతోందో చెప్పాల్సింది నువ్వు. ముఖం ఎలా ఉంది?"

"మామూలుగానే..."

"మామూలు ముఖాలు ఈ ఆసుపత్రిలో గోడలకి తగిలించిన ఫోటోల్లోనే ఉంటాయి. బల్లపరుపుగా ఉందా, అంటే ఏ భావమూ లేకుండా? మొద్దుబారి ఉందా, అంటే లోపల ఉన్నది సగమే పైకొస్తోందా? ఇప్పుడు నవ్వి ఇంతలోనే ఏడుస్తూ నిలకడ లేకుండా ఉందా? మాటకీ ముఖానికీ పొంతన ఉందా?"

కుర్రాడు చేతిలో కాగితాలు తిరగేశాడు.

"పోనీ, ఇప్పుడు నీ ముఖంలో ఏముందో చెప్పు."

"హడలు మేడమ్."

"అదీ! దారిలో పడ్డావు."

ఈ చదువు ఇంటిదాకా వచ్చేది. కూర బావుందని మొహమాటానికి అన్నానో, "మాటకీ ముఖానికీ పొంతన లేదే," అని పట్టేసేది. ఆవిడ విద్య పారనిది ఒక్క పెదనాన్న దగ్గరే. ఆయన రోజు మొత్తం మీద నాలుగైదు మాటలకి మించి ఆడడు. ముఖం పొద్దున్న ఎలా ఉంటుందో సాయంత్రం అలాగే. ఎప్పుడైనా అన్నం తింటూ పెద్దమ్మ ఆయనకేసి అలా చూస్తూ ఉండిపోయి, "శుద్ధ బల్లపరుపే. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క గీతైనా కదల్లేదు," అని నిట్టూర్చేది. పెదనాన్న మజ్జిగ పోసుకునేవాడు.

ఆసుపత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిన రోజు నాకింకా గుర్తే. లోపల నేనూ, పెద్దమ్మా, కోటు వేసుకున్న ఓ భారీ మనిషీ. లైటు ఆరిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి, అరవడానికి కూడా లేదు. ఆ కోటాయన మాత్రం తలుపులు బాదుతూ, "భయం! నాకు భయం! తియ్యండి!" అని కేకలు మొదలుపెట్టాడు.

చీకట్లో పెద్దమ్మ గొంతు. "భయమన్నది ఇంటిపేరు సార్. పేరు చెప్పండి."

"ఎవరి పేరు? నా పేరా?"

"మీకొచ్చినదాని పేరు. ఊపిరాడదని దడా, లిఫ్టు కింద పడుతుందని గుబులా?"

"రెండూనమ్మా!"

"ఏది ముందొచ్చింది?"

బాదుడు ఆగింది. ఆయన ఆలోచిస్తున్నాడు. "ముందు... ఊపిరే అనుకుంటానండీ."

"ఎక్కడుంది? గుండెల్లోనా?"

"కాదండీ. పొట్టలో."

"పొట్టలో ఉంటే దడ కాదు సార్."

"కాదా? మరేమిటంటారు?"

వాళ్ళిద్దరూ తర్కించుకుంటూ ఉండగానే లిఫ్టు కదిలి తలుపులు తెరుచుకున్నాయి. బయట జనం ఆదుర్దాగా నిలబడి ఉన్నారు. కోటాయన కదల్లేదు. "ఒక్క నిమిషం ఆగండి బాబూ, ఇంకా తేలలేదు," అన్నాడు వాళ్ళతో. నేను మాత్రం ఆ రోజు నుంచి మెట్లే ఎక్కుతున్నాను.

ఇంకోసారి కాలికి కట్టుతో, కుంటుకుంటూ ఇంటికొచ్చింది. ఏమైందని అడిగితే, "కుక్క కరిచింది. దానికి నా మీద బెదురు. కోపం కాదు, పాపం," అని కుక్క తరఫున చెప్పిందే తప్ప, కుక్క దగ్గరికి ఎందుకెళ్ళిందో చెప్పలేదు. ఇలాంటి మనిషిని నలుగురిలో పక్కన పెట్టుకుని నడవాలంటే నాకు సిగ్గేసేది.

అలా ఉండగా నా మెడ మీద గడ్డ లేచింది.

పెద్దమ్మ ఆసుపత్రిలోనే చూపించాం. సర్జను మంచివాడే. నెమ్మదిగా, కాగితం మీద నా మెడ బొమ్మ గీసి మరీ చెప్పాడు. "గడ్డ చెడ్డది కాదమ్మా. కానీ పెరుగుతోంది, తీసెయ్యాలి. గొంతుని ఆడించే నరం సరిగ్గా దాని పక్కనుంచే వెళ్తుంది. మా జాగ్రత్తలో మేముంటాం. అయినా ఎక్కడో ఒకళ్ళకి మాట బొంగురుపోవడం, మరీ అరుదుగా అసలు రాకపోవడం ఉంటుంది. ముందే చెప్పడం మా బాధ్యత."

ఆయన బాధ్యత తీరింది. ఆ తర్వాత ఆయన ఇంకా ఏదో చెప్పాడు, పెదాలు కదలడం కనబడింది, మాట నా చెవికెక్కలేదు.

నాకున్న ఆస్తంతా ఆ గొంతే. ముఖం చూసి నన్నెవరూ గుర్తుపట్టరు. కొట్లో నిలబడి "అరకిలో ఉల్లిపాయలివ్వండి" అంటే చాలు, పక్కవాళ్ళు తిరిగి, "మీరు బస్టాండులో కదూ!" అంటారు. అది పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు ఆ "కదూ" కూడా పోతుంది. ఇంక నేనెవర్ని? ఆ రోజు నుంచి నిద్ర లేవగానే ముందు "అ" అని చూసుకోవడం అలవాటైంది. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున బస్సుల పేర్లన్నీ వరసగా చెప్పుకునేదాన్ని, ఉందో లేదోనని. అన్నం ముద్ద గొంతు దిగేటప్పుడు కూడా ఆ నరం తెగుతుందేమోనని నెమ్మదిగా మింగేదాన్ని.

నిజానికి వీటన్నిటి కిందా ఇంకొకటి ఉంది. అది మాత్రం నాలో నేను కూడా అనుకోలేదు. పైకి అంటే జరిగిపోతుందని నా నమ్మకం.

పెద్దమ్మ అడగనే అడిగింది. "ఏమే మైకూ, ఏ రకం?"

"ఏం లేదు పెద్దమ్మా, కొంచెం జంకు. కొత్త చోటు, కొత్త మనుషులు కదా, అంతే."

ఆవిడ జోడు దించింది. "మాటకీ ముఖానికీ..." అని మొదలెట్టి, ఎందుకో ఆగిపోయింది. "సరే. లోపల ఏముందో చెప్పాల్సింది నువ్వే. నువ్వు జంకన్నావు, నాకూ జంకే. పద, చెప్పులేసుకో."

జంకుకి ఆవిడ మందు ఇదట: మనుషులు కొత్త కాబట్టి జంకు వస్తుంది, కాబట్టి వాళ్ళని పాతబడేలా చెయ్యాలి. ఆ మధ్యాహ్నమంతా నా చెయ్యి పట్టుకుని ఆసుపత్రి మొత్తం తిప్పింది. మత్తు డాక్టరు దగ్గర్నుంచి దుప్పట్లు ఉతికే ఆవిడ దాకా ఒక్కరినీ వదల్లేదు. "మా మైకు. వచ్చేవారం గొంతు ఆపరేషన్," అని పరిచయం చెయ్యడం, వాళ్ళు నా మెడకేసి జాలిగా చూడడం. "ఏం కాదులేమ్మా, మా వదినకి కూడా అయింది," అని ఒకరు. "ఇప్పుడెలా ఉన్నారండీ?" అని ఆశగా అడిగితే, "బానే ఉంది, సైగలు చేస్తుంది," అని జవాబు. మూడో అంతస్తు చేరేసరికి నా ఒళ్ళంతా చెమట.

అయితే ఆ తిరుగుడులో నేను ఎదురుచూడనిది ఒకటి జరిగింది. రోగుల్ని పడుకోబెట్టి తీసుకెళ్ళే తోపుడు మంచం అతను, పెద్దమ్మ ఎవరితోనో మాట్లాడుతుండగా, మంచాన్ని ముందుకీ వెనక్కీ నడిపి చూపించాడు.

"చప్పుడొచ్చిందామ్మా?"

"లేదే."

"మునుపు కిర్రుకిర్రుమనేదండీ. ఓ ముసలాయన దీని మీద ఆపరేషనుకి వెళ్తూ వెళ్తూ దిగి పారిపోయాడు. రకాలమ్మగారు... అదే, మేడమ్‌గారు వెళ్ళి ఏ రకమని అడిగితే, ఆ చప్పుడుకి బెదురన్నాడంట. మేడమ్‌గారు ఇక్కడే నేల మీద చతికిలబడి చక్రాలకి నూనె పోశారు. ఇప్పటికీ వారం వారం వచ్చి పోస్తారు."

నేను పెద్దమ్మ సంచికేసి చూశాను. నూనె డబ్బా మూతి పైకి కనబడుతోంది.

వార్డులో ఆయా ఓ గోడ చూపించింది. అక్కడ గడియారం ఉండేదట. మంచం మీద పడుకుని దాన్నే చూస్తూ, ఇంకా ఎంతసేపు ఉందో అని గుబులు పడేవాళ్ళట. అది ఎప్పుడో నర్సుల బల్ల వెనక్కి మారిపోయింది, సుత్తీ మేకులతో సహా పని పెద్దమ్మదే. స్కానింగు గదిలో చీకటికి దడ వస్తుందన్నవాళ్ళకి లోపలికి వెళ్ళేముందు గుప్పిట్లో పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఇచ్చి, "బయటికొచ్చాక తిరిగివ్వాలి సుమా," అంటుందట. ఆవిడే కుట్టిన గుడ్డబంతులు ఆ గది సొరుగు నిండా ఉన్నాయి. లిఫ్టులో ఓ మూల కరెంటు పోతే వెలిగే చిన్న దీపం వచ్చింది. నేను మెట్లెక్కుతున్నాను కనక చూడలేదు.

"మరి బెంగ అన్నవాళ్ళకి?" అని అడిగాను ఆయాని.

"దానికి మేకులేం చేస్తాయమ్మా! ఒకావిడ ఇంట్లో కుక్కని కట్టేసి వచ్చానని ఒకటే బెంగ. మీ పెద్దమ్మగారు ఆవిడ దగ్గర తాళంచెవి తీసుకుని, తనే వెళ్ళి రోజూ అన్నం పెట్టొచ్చారు. దాంతో కరిపించుకున్నారు కూడా."

అప్పటికి నా బుర్రకి ఎక్కింది. ఇన్నాళ్ళూ ఈవిడ మాటల్ని పోగేస్తోందనుకున్నాను. కాదు, హోటల్లో ఆర్డరు తీసుకుంటున్నట్టు ఏం కావాలో కనుక్కుంటోంది. ఉత్త భయమంటే ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. బెదురంటే నూనె, గుబులంటే గడియారం, జంకంటే... నీలం కాగితం. ఆ కాగితం తలుచుకోగానే నాకు అక్కడే కళ్ళు చెమర్చాయి.

మరి నేను ఇచ్చిన ఆర్డరు తప్పు. తప్పు ఆర్డరుకి తప్పు వంటకమే వచ్చింది. ఇంటికెళ్ళాక "జంకు పోయిందా?" అంటే, నిజం చెప్పే ధైర్యం చాలక, "పోయింది పెద్దమ్మా, ఇప్పుడు కంగారు," అన్నాను. కంగారుకి మందు, జరగబోయేదంతా వరసగా చెప్పడం. ఆవిడ చెప్పింది. సూది ఎక్కడ గుచ్చుతారో, కత్తి ఎంత ఉంటుందో, కుట్లు ఎలా వేస్తారో, అన్నీ. నేను కిక్కురుమనకుండా విన్నాను. పెదనాన్న మాత్రం మధ్యలో కంచం తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఆపరేషను పొద్దున్న నన్ను తోపుడు మంచం మీద పడుకోబెట్టారు. చక్రాలు చప్పుడు చెయ్యలేదు. పైన దీపాలు ఒక్కొక్కటే వెనక్కి వెళ్తున్నాయి. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కనే నడుస్తోంది, సంచి గలగలమంటోంది. ఆపరేషను గది తలుపులు కనబడ్డాయి. ఇంక దాచడానికి జాగా లేదు.

"పెద్దమ్మా."

"ఊ."

"జంకు కాదు. కంగారూ కాదు."

"తెలుసే," అంది. "నువ్వు చెబుతావని చూస్తున్నా."

"మత్తు దిగాక నేను పిలుస్తాను. గొంతు రాదు. నువ్వు పక్కనే ఉంటావు, కానీ అటు తిరిగి ఉంటావు. నేను పిలుస్తూనే ఉంటాను. పిలుస్తున్నట్టు నీకు తెలీదు, ఎవరికీ తెలీదు." ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "దీని పేరేమిటో నాకు తెలీదు పెద్దమ్మా."

ఇప్పుడు జోడు దించి రకాలన్నీ ఏకరువు పెడుతుందని ఎదురుచూశాను. దించలేదు. ఆవిడ ముఖం పాలిపోయింది. నోరు తెరిచింది, మూసింది. పెద్దమ్మకి మాట దొరక్కపోవడం నేను చూడ్డం అదే మొదలు. సంచిలో చెయ్యి పెట్టి కెలికింది. నూనె డబ్బా తీసింది, మళ్ళీ పెట్టేసింది. టార్చిలైటు తీసింది, పెట్టేసింది. స్క్రూడ్రైవరు ఒక్కటి పిడికిట్లో పట్టుకుని, నా చెయ్యి వదిలేసి, వెనక్కి తిరిగి పరుగెత్తింది. గలగల చప్పుడు వరండా చివరికి వెళ్ళి, మెట్లు దిగి, మాయమైపోయింది.

"మేడమ్‌గారు ఎటు వెళ్ళారండీ?" అన్నాడు మంచం అతను, తెల్లబోయి.

నాకేం తెలుసు? నా భయం చూసి ఆవిడే పారిపోయిందనుకున్నాను. తలుపులు తెరుచుకున్నాయి. చల్లటి గది, ముఖాలకి గుడ్డలు కట్టుకున్న మనుషులు. మొన్న పరిచయమైనవాళ్ళే, కళ్ళు తప్ప ఏమీ కనబడక మళ్ళీ కొత్తవాళ్ళయిపోయారు. ఆఖర్న ఒకసారి "అ" అని చూసుకుందామనుకున్నాను. ఈలోపే మత్తు కమ్మేసింది.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి ఎండ పడుతోంది. మెడ చుట్టూ కట్టు. గొంతులో ఎవరో ఇసక పోసినట్టుంది. తల కొంచెం తిప్పితే కుర్చీలో పెద్దమ్మ. సరిగ్గా నేను చెప్పినట్టే, తల గోడకి ఆనించి, అటు తిరిగి కునుకు తీస్తోంది.

"పెద్దమ్మా," అన్నాను.

గాలి వచ్చింది. మాట రాలేదు.

ఇంకోసారి పిలిచాను. మళ్ళీ గాలే. ఆవిడ వీపు కదల్లేదు. ఏదైతే పైకి అనకూడదనుకున్నానో, అనేశాను, అదే జరిగింది. లేవబోయాను, ఒళ్ళు కదల్లేదు. పక్కన మంచం కమ్మీని పట్టుకుందామని చెయ్యి జరిపితే, బొటనవేలికి చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. దానికో చిన్న మీట. నా చెయ్యి ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడికి అందేలా, స్క్రూలతో బిగించి ఉంది.

సైకిలు గంట.

నొక్కాను. ట్రింగ్ ట్రింగ్!

పెద్దమ్మ అంతెత్తున ఎగిరిపడింది. కుర్చీ వెనక్కి పడింది, సంచి బోర్లాపడింది, మేకులు గదంతా దొర్లాయి. "అమ్మో! చచ్చాన్రా బాబో!" అని గుండె మీద చెయ్యేసుకుని, కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతుండగా, గోడకి అతుక్కుపోయి నిలబడింది.

ఆ అవతారం చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వు గొంతులో ఎక్కడో తట్టుకుని, తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఓ మోత వచ్చింది. దాని వెనకే మాట.

"ఏ... రకం?"

బొంగురుగా, అధ్వానంగా ఉంది, కానీ నా గొంతే.

"రకం లేదే," అంది పెద్దమ్మ. కళ్ళలోంచి ధారగా కారిపోతోంది, తుడుచుకోవడం కూడా తెలియడం లేదు. "ఉత్త భయం. పొద్దుట్నుంచీ ఉత్త భయమేనే తల్లీ."

"అది... ఇంటిపేరు... కదా?"

"నోర్ముయ్! మాట్లాడొద్దన్నారు డాక్టరుగారు!" అని గదమాయించి, దగ్గరికొచ్చి, నా తల నిమిరి, చుట్టూ చూసి రహస్యంగా, "ఇంకొక్కసారి మాట్లాడవే," అంది.

గొంతు కుదురుకోవడానికి కొంత కాలం పట్టింది. కుదురుకుంది, కొంచెం బరువెక్కింది కూడా. బరువెక్కాక బస్సులు టైముకి కదులుతున్నాయని డ్రైవర్లు అంటారు. ఆ గంట ఆసుపత్రిలోనే ఉండిపోయింది. గొంతు ఆపరేషనుకి వచ్చేవాళ్ళ మంచాలకి ఇప్పుడు దాన్నే బిగిస్తున్నారు.

అది పెదనాన్న సైకిలుది. ఆ పొద్దున్న ఆయన నాకోసం వచ్చి, ఆసుపత్రి గేటు దగ్గర సైకిలుకి తాళం వేస్తుంటే, పెద్దమ్మ పరుగున వచ్చి, ఒక్క మాటైనా చెప్పకుండా గంట ఊడదీసుకుని పోయిందట. ఆయన ఏమీ అడగలేదు. నేను మాట్లాడానని తెలిశాక సాయంత్రం ఇంటికి బయల్దేరాడు. గంట లేదు కనక, రోజుకి నాలుగు మాటలు ఆడని మనిషి దారి పొడుగునా, "జరగండి బాబూ, జరగండి! మా మైకు మాట్లాడింది, జరగండి!" అని అరుచుకుంటూ వెళ్ళాడట. ముఖంలో నవ్వు కూడా ఉందని మా వీధి చివర రొట్టెల కొట్టతను చెప్పాడు.

పెద్దమ్మ నమ్మలేదు. ఏ రకం నవ్వో తేల్చుకు వస్తానని సంచి భుజాన వేసుకుని ఆ కొట్టుకి బయల్దేరింది.